ముల్లు కంటి ఎత్తున

"గాజులు తీయండమ్మా. వాచీ ఉంటే అది కూడా."

గదంతా ఒక్కసారి గలగలమంటుంది. మట్టిగాజుల్ని మోచేతి దాకా నెట్టుకుని ఊరుకుందామనుకున్నవాళ్లు, నర్సు మేడం మళ్లీ చెప్పాక ఒక్కొక్కటే ఊడదీసి కొంగున ముడేసుకుంటున్నారు. మీరు ములకలపల్లి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, మందుల అట్టపెట్టెలు గోడవారగా పేర్చిన గదిలో, తలుపు పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. బయట ముసురు పట్టింది. పూసుగూడెం నుంచి, చాపరాలపల్లి నుంచి, ముకమామిడి వైపు నుంచి వచ్చిన ఆశా కార్యకర్తల చీరలు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. ఆటో దొరికినవాళ్లు ఆటోలో వచ్చారు, దొరకనివాళ్లు తెలిసినవాళ్ల బండెక్కి వచ్చారు, అదీ లేనివాళ్లు తారురోడ్డు దాకా నడిచారు. గది మూల బకెట్టు, మగ్గు, సబ్బు. మధ్యలో బల్ల మీద రబ్బరు పసిబొమ్మ, పక్కనే స్ప్రింగు త్రాసు, థర్మామీటరు, దూది, మడతపెట్టిన చిన్న కంబళి.

చేతులు కడుక్కోవడం కూడా ఒక పాఠమేనా అని మీకనిపిస్తుంది. కాసేపు చూడండి. ఒకరు మగ్గుతో నీళ్లు పోస్తుంటే ఇంకొకరు మోచేతుల దాకా తడుపుకుంటున్నారు. సబ్బు అరచేతుల్లో, చేతుల వెనక, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, మణికట్టు చుట్టూ తిరగాలి. కడిగాక చేతులు పైకెత్తి, మోచేతులు నేలవైపు ఉంచి, గాలికే ఆరనివ్వాలి. ఆరేదాకా దేన్నీ ముట్టుకోకూడదు. చేతులు పైకెత్తి నిలబడ్డ ఒకావిడ ఫోను బ్యాగులో మోగుతోంది. ఆమె దానివైపు చూస్తుందే గాని కదలదు. ఆమె పక్కన నలభై దాటిన ఇంకొకావిడ, అన్నీ సరిగ్గా చేసి, చివర్లో అలవాటుకొద్దీ చేతులు కొంగుకు తుడిచేసుకుంది.

"అయ్యో!" అని తనే నాలిక కరుచుకుంది.

"పర్లేదు అక్కా. మళ్లీ మొదట్నుంచి," అంటుంది మేడం. వయసులో మేడం చిన్నది, అందుకే అక్కా అన్నది. మొదటి నుంచి అంటే మొదటి నుంచే. మళ్లీ నీళ్లు, మళ్లీ సబ్బు. ఈ గదిలో సగం మార్కులు వేసే పద్ధతి లేదు. కొంగు పొయ్యి తుడిచింది, పాల చెంబు దించింది, మేకపిల్లను కూడా ఎత్తింది. అదే కొంగుకు తుడిచిన చేత్తో మూడు రోజుల పసిగుడ్డు బొడ్డు ముట్టుకుంటే ఏమవుతుందో ఇక్కడున్నవాళ్లలో కొందరికి పుస్తకంతో పనిలేకుండానే తెలుసు.

ఇది ఆరో, ఏడో మాడ్యూళ్ల శిక్షణ. పసిబిడ్డను ఇంటి దగ్గర చూసుకునే పాఠాలు ఇందులోనే వస్తాయి. ఆశాగా కొత్తగా చేరినవాళ్లకు ముందు ఎనిమిది రోజుల ఇండక్షన్ ఉంటుంది. ఆ తర్వాత ఈ రెండు మాడ్యూళ్లు నాలుగు విడతల్లో, విడతకు ఐదు రోజుల చొప్పున ఇరవై రోజులు. విడతకూ విడతకూ మధ్య ఊరికి వెళ్లి, నేర్చుకున్నది చేసి, మళ్లీ వచ్చి కూర్చోవాలి. మన దేశంలో ఆసుపత్రి గడప దాటి బయట పనిచేసే ఆరోగ్య ఉద్యోగాల్లో మొట్టమొదటి మెట్టు ఇదే. తెల్లకోటు లేదు, నైట్ డ్యూటీ రిజిస్టరు లేదు. ఊరు, సంచి, నడక.

త్రాసు వంతు వచ్చింది. ముందు ఖాళీ జోలెను కొక్కేనికి తగిలించి, ముల్లు సున్నా మీదికి వచ్చేలా పైన మర తిప్పాలి. జోలె బరువు బిడ్డ ఖాతాలో పడకూడదు కదా. తర్వాత జోలెను కింద పరిచి, బిడ్డను పడుకోబెట్టి, కొక్కేనికి తగిలించి, పై కడ్డీ పట్టుకుని మెల్లగా లేవాలి. బొమ్మే అయినా ఆ లేవడంలో అందరి చేతులూ జాగ్రత్త పడుతున్నాయి. ఒకావిడ ఎడమ చెయ్యి బొమ్మ కింద ఆసరాగా పెట్టింది, అలా పెడితే తూకం తప్పుతుందని తెలిసి కూడా.

"ముల్లు కంటి ఎత్తున ఉండాలి," మేడం త్రాసును ఇంకాస్త పైకెత్తిస్తుంది. "పైనుంచి వంగి చూస్తే ఒక లెక్క, కిందినుంచి చూస్తే ఇంకో లెక్క. నువ్వు ఎంత పొడుగో బిడ్డకు తెలీదమ్మా."

మీరూ లేచి పైనుంచి చూడండి, ముల్లు 2.6 మీద ఉన్నట్టుంటుంది. వంగి కంటికి ఎదురుగా చూడండి, 2.4. ఆ రెండింటి మధ్య 2.5 కిలోల గీత ఉంది. దానికి అటు ఉంటే మామూలు బిడ్డ, ఇటు ఉంటే తక్కువ బరువు బిడ్డ. తక్కువ బరువు బిడ్డకు చలి తొందరగా పడుతుంది, పాలు లాగే ఓపిక ఉండదు, చీము పట్టినా జ్వరం వచ్చినా తట్టుకునే సత్తువ ఉండదు. ఆ బిడ్డ తల్లికి ఆశా చెప్పాల్సిన మాటలు వేరు, పెట్టుకోవాల్సిన దిగులు వేరు. చూపు ఒక్క జానెడు పైకి జరిగితే ఆ దిగులు పడాల్సిన ఇంటిని దాటి వెళ్లిపోతాం. అందుకే ముల్లు కంటి ఎత్తున ఉండేదాకా మేడం ఎవర్నీ వదలడం లేదు.

థర్మామీటరు దగ్గర ఇందాక కొంగుకు చేతులు తుడుచుకున్నావిడ మళ్లీ తడబడింది. చంక మధ్యలో మొన సరిగ్గానే పెట్టింది, బిడ్డ చెయ్యి ఒంటికి అదిమి పట్టింది, బీప్ వచ్చేదాకా ఆగింది. బొమ్మకు వేడి ఉండదు కాబట్టి మేడం రాసిచ్చిన అంకె చదివింది కూడా. "తొంభై ఆరు పాయింటు ఎనిమిది."

"అంటే చలిగా ఉన్నట్టా, బాగున్నట్టా?"

ఆగిపోయింది. 97 కంటే తక్కువైతే బిడ్డకు చలిపట్టినట్టు, 99 దాటితే జ్వరం. పాయింటు తర్వాత ఎనిమిది ఉంది, ఎనిమిది పెద్ద అంకె. పక్కనావిడ మోచేత్తో పొడవబోతే మేడం చెయ్యి అడ్డం పెట్టింది. "ఆమెను చెప్పనీయండి." బయట వాన చప్పుడు. ఆమె పెదవుల్లోనే తొంభై ఆరు, తొంభై ఏడు అనుకుంది. "చలే," అంది. "తొంభై ఏడుకు ఇంకా రాలేదు."

ఎనిమిదో తరగతి చదివి, పెళ్లయి, ఇరవై ఏళ్లు మిరపతోటలకూ పత్తి చేలకూ తిరిగిన మనిషికి దశాంశం అలా ఒక్క నిమిషంలో దొరకడం చిన్న సంగతి కాదు. ఆ నిమిషం ఇవ్వగలిగిన టీచరు దొరకడం ఇంకా పెద్ద సంగతి.

బొమ్మకు ఊపిరీ ఉండదు. కాబట్టి శ్వాస లెక్కపెట్టడం పక్క వార్డులో. నిన్న కాన్పయిన బాలింత సరేనంది. ముగ్గురు ముగ్గురుగా వెళ్తున్నారు, మీరు గుమ్మం దగ్గరే ఆగండి. బిడ్డ పొట్ట మీది గుడ్డ కాస్త తొలగించారు. ఏడుస్తున్నప్పుడూ పాలు తాగుతున్నప్పుడూ లెక్కపెట్టకూడదు. సెకన్ల ముల్లు పన్నెండు మీదికి రాగానే మొదలు, మళ్లీ పన్నెండు మీదికి వచ్చేదాకా, పూర్తిగా ఒక నిమిషం. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే ఎందుకు కాదో ఆ పొట్ట చూస్తుంటే మీకే తెలిసిపోతుంది. గబగబా ఐదారుసార్లు ఎగసి, ఒక క్షణం అసలు ఆగిపోయి, మళ్లీ మెల్లగా అందుకుంటుంది. పసిబిడ్డ ఊపిరి నిలకడగా ఉండదు.

"నలభై నాలుగు."

"నలభై ఆరు."

మూడో ఆమె గొంతు తగ్గించి, "తొంభై ఒకటి," అంది.

ఎవరూ నవ్వలేదు. మేడం ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వేలితో చూపిస్తూ కలిసి లెక్కపెట్టింది. సంగతి తేలింది. పొట్ట పైకి లేచినప్పుడొకటి, కిందికి దిగినప్పుడొకటి లెక్కేసుకుంటోంది. లేచి దిగితే ఒకటి. మళ్లీ చూస్తే 45. నిమిషానికి 60, ఆపైన వస్తే ఇంకోసారి లెక్కపెట్టాలి. రెండోసారీ 60 తగ్గకపోతే ఆ బిడ్డను ఆసుపత్రికి పంపాలి. ఈ గదిలో తొంభై ఒకటి అన్నందుకు నష్టం లేదు, ఇక్కడ అనడానికే కదా వచ్చింది.

ఈ నిమిషం లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే అది మనకు దూరపు కథ కాదు. ప్రాణహిత అవతల మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ, 1990ల నడుమ 39 పల్లెల్లో ఊరి ఆడవాళ్లకే ఈ పని నేర్పింది. ఇంటికి వెళ్లి పసిబిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, పాలు పట్టించడం, ప్రమాద సూచనలు పసిగట్టడం. పాలు తాగడం తగ్గినా, ఏడుపు నీరసించినా, కాళ్లూ చేతులూ వేలాడేసినా, డొక్కలెగరేసినా, పొట్ట ఉబ్బినా, ఒళ్లు చల్లబడినా కాలినా, బొడ్డు చీము పట్టినా ఊరుకోకూడదని నేర్పింది. మూడో ఏటికల్లా ఆ పల్లెల్లో నెలలోపు బిడ్డల మరణాలు, పోల్చి చూసిన పల్లెలకంటే 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ వైద్యపత్రిక ఆ అధ్యయనం అచ్చువేసింది. అంకెలు రాని మంత్రసానుల కోసం పదేసి శ్వాసలకు ఒక పూస జరిపే పనిముట్టు కూడా అక్కడే తయారైంది. అడవి ఊళ్లలో పుట్టిన ఆ పనే 2011లో దేశమంతా ఆశాల చేతికి వచ్చింది. అంతకుముందు 2002లో, మనకు ఇంకో పక్కనున్న ఛత్తీస్‌గఢ్ 'మితానిన్'లను ఊరూరా నిలబెట్టింది. 2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు ఆశా పథకానికి ఆ అనుభవమే పెద్ద ఆధారం. పేదగా కనబడే ఈ గదిలోని పాఠం మన చుట్టుపక్కల అడవుల్లోనే పండి, పరీక్షకు నిలిచిన పాఠం.

మధ్యాహ్నం. టిఫిన్ డబ్బాలు తెరుచుకున్నాయి. గోంగూర వాసన, పచ్చిపులుసు వాసన. మీ చేతిలోకి కూడా ఒక మూతలో అన్నం వచ్చేసింది, వద్దనకండి. మాటలు ఇప్పుడు తెలుగులోంచి కోయలోకి, కోయలోంచి తెలుగులోకి జరుగుతున్నాయి. పిల్లల హాస్టళ్లు, పత్తికి పురుగు, ఎవరి కోడలికో ఎనిమిదో నెల. తర్వాత డబ్బు సంగతి రానే వచ్చింది. తెలంగాణలో ఆశాల పారితోషికం నెలకు 7,500 నుంచి 2022లో 9,750 అయింది. జీతం అనరు, పారితోషికమే అంటారు. చేసిన పనుల లెక్క పూర్తిగా చూపితేనే అది పూర్తిగా వస్తుంది. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డ ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు వెళ్లాలి. ఇంట్లో కాన్పయితే మొదటిరోజు కూడా కలిపి ఏడుసార్లు. ఈ తిరుగుడంతటికీ జాతీయ పథకం పెట్టిన ధర బిడ్డకు 250 రూపాయలు. నెలకు 18,000 స్థిర వేతనం ఇవ్వాలని యూనియన్లు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాయి. 2022 మే 22న ప్రపంచ ఆరోగ్య సంస్థ పది లక్షలు దాటిన మన ఆశాలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం ఇచ్చింది. ఆ పురస్కారం మాట ఎత్తితే ఇక్కడి ముఖాలు నిజంగానే విప్పారతాయి. ఆ వెంటనే ఒకావిడ బస్సు చార్జీల సంగతి అడుగుతుంది. రెండూ నిజమే, రెండూ ఒకే మనిషివి.

"సర్టిఫికెట్ వస్తే ఏమొస్తది?" మజ్జిగ కలుపుకుంటూ ఒక చిన్న వయసు ఆశా అడిగింది.

సరైన ప్రశ్న. ఆశాలకు సర్టిఫికెట్ ఇవ్వడానికి కేంద్ర ఆరోగ్యశాఖ, జాతీయ ఆరోగ్య వ్యవస్థల వనరుల కేంద్రం, జాతీయ సార్వత్రిక విద్యాపీఠం కలిసి ఒక పద్ధతి పెట్టాయి. అందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. పరీక్ష ఆశాకు మాత్రమే కాదు. ఆమెకు నేర్పే పాఠ్యం, నేర్పే టీచరు, నేర్పే చోటు, ఇవన్నీ కూడా తనిఖీకి నిలిచి ధ్రువీకరణ తెచ్చుకోవాలి. నీళ్లు రాని కుళాయి, ముల్లు కదలని త్రాసు, చదివి వినిపించి వెళ్లిపోయే టీచరు ఉన్నచోట ఆశా తప్పితే, తప్పు ఆమెది కాదన్న ఇంగితం అందులో ఉంది.

కానీ ఆ కాగితం తర్వాతి మెట్టు ఎక్కడ? ఆశా పైన కనబడే మెట్టు ఏఎన్ఎం. ఈ గదిలో పాఠం చెబుతున్న మేడం అటు నుంచి వచ్చినామే. ఏఎన్ఎం కోర్సు రెండేళ్లు, చేరాలంటే ఇంటర్ పాసవ్వాలి, వయసు 35 దాటకూడదు. ఆశాగా తీసుకునేది 25 నుంచి 45 ఏళ్ల మధ్య ఆడవాళ్లను. మొదట్లో అడిగిన చదువు ఎనిమిదో తరగతి, తర్వాత పది, ఆదివాసీ ఊళ్లలో సడలింపు. లెక్క మీరే వేయండి. పదేళ్లు ఊరంతా తిరిగి, వందల బిడ్డల్ని తూచి, చేయి తిరిగేసరికి ఆమెకు వయసు దాటిపోయి ఉంటుంది, లేదా ఇంటర్ ఉండదు. ఏఎన్ఎం సీట్లలో ఆశాలకు ముందు వరస ఇచ్చే రాష్ట్రాలున్నాయి, మంచిదే. ఇంటర్ లేనివాళ్లకు ఆ ముందు వరస కూడా అందదు. ఇది మార్చాలి. ఈ ఉద్యోగంలో గడిపిన ఏళ్లను వయసులోంచి మినహాయించడం కష్టమైన పని కాదు. ఓపెన్ స్కూల్లో పది, ఇంటర్ చదివించడానికి పీహెచ్‌సీలోనే సాయంత్రం ఒక గది తెరవడం అంతకంటే కష్టం కాదు.

మండలంలో ఇంటర్ చదివిన పడుచుపిల్లలకు ఇంకో దారి కనబడుతోంది. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన లాంటి పథకాల్లో కొన్ని నెలలు హాస్టల్లో ఉండి, జనరల్ డ్యూటీ అసిస్టెంట్ శిక్షణ తీసుకుని, హైదరాబాదు ఆసుపత్రుల్లో చేరడం. రోగిని పక్కకు తిప్పడం, ఒళ్లు తుడవడం, మంచం మీద దుప్పటి మార్చడం, అన్నం తినిపించడం, నర్సుకు కబురందించడం. కరోనా రెండో తాకిడి తర్వాత 2021 జూన్ 18న కేంద్రం ఇలాంటి పనులకే లక్షమందికి తొందర శిక్షణ మొదలుపెట్టింది. ఇంటి దగ్గర రోగిని చూసుకునే పని కూడా ఆ కోర్సుల్లో ఒకటి. ఆ ఉద్యోగం గౌరవమైనది. కానీ దానికోసం ఊరు విడిచిపెట్టాలి. ఆశాకు ఊరే ఉద్యోగం. కోయ మాట తెలిసిన, ఏ వాగు ఏ వానకు పొంగుతుందో తెలిసిన మనిషికి ఆ తెలివి మీద కూడా మార్కులు పడే రోజు రావాలని నా కోరిక.

భోజనాలయ్యాక మలేరియా పాఠం. వేలు చివర సూది గుచ్చడం, కిట్ గుంటలో రక్తం బొట్టు వేయడం, ద్రావణం చుక్కలు లెక్కపెట్టి వేయడం, గడియారం చూసి ఆగడం. కంట్రోల్ గీత పడకపోతే కిట్ చెడిపోయినట్టు, ఇంకోటి తీయాలి. ఫాల్సిపారమా, వైవాక్సా అన్నది గీత చెబుతుంది. ఈ పని వాళ్లకు పాతది, చేతులు చకచకా సాగిపోతున్నాయి. వైవాక్స్‌కు ఇచ్చే ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు మింగించడమే కష్టమని, మూడోరోజుకే జ్వరం తగ్గి మనిషి పోడు చేనుకు వెళ్లిపోతాడని అందరూ ఒకేసారి చెబుతున్నారు. ఒకావిడ ఆ మాత్రలు పట్టుకుని చేను దాకా వెళ్తుందట. గర్భిణులకూ ఏడాదిలోపు బిడ్డలకూ ఆ మాత్ర వేయకూడదని మేడం రెండుసార్లు చెప్పించింది.

మర్నాడు పొద్దున్నే మీరు కొంగుకు చేతులు తుడుచుకున్న ఆ ఆశాతో బయల్దేరారు. మూడోరోజు బిడ్డ ఒకటి ఉంది, గుత్తికోయల గుంపులో. శిక్షణ ఉందని బిడ్డ మూడోరోజు ఆగదు కదా, చూసుకుని పది గంటలకల్లా పీహెచ్‌సీకి వస్తానని మేడానికి ఫోను చేసి చెప్పింది. వాన తెరిపిచ్చింది. దారికి ఒక పక్క టేకు, ఇంకో పక్క పత్తి. ఇదే మండలంలో పూసుగూడెం దగ్గర సీతారామ ఎత్తిపోతల పంపుహౌస్ 2024 ఆగస్టు 15న ప్రారంభమైంది. గోదావరి నీళ్లు కొండంత ఎత్తుకు ఎక్కి వెళ్తున్న నేల ఇది. మీరు దాటాల్సిన వాగు మీద మాత్రం వంతెన లేదు. నీళ్లు మోకాలి లోతు. ఆమె సంచి నెత్తిన పెట్టుకుంది, త్రాసు దాన్లోనే ఉంది. 108 బండి వాగు ఇవతలే ఆగుతుందని, అవతలి నుంచి మంచం మీద మోసుకురావాలని, నీళ్లు ఎక్కువైతే అదీ కుదరదని నడుస్తూ చెబుతోంది. అందుకే ఈ గుంపులో నెలలు నిండిన చూలాల్ని వారం ముందే భద్రాచలం ఏరియా ఆసుపత్రికో పాల్వంచకో తీసుకుపోవడానికి ఇంటిల్లిపాదినీ ఒప్పించాలి. ఆ ఒప్పించడం ఏ మాడ్యూల్లోనూ పూర్తిగా రాయలేరు.

గుంపు అంటే ఇరవై దాకా గుడిసెలు, చుట్టూ మొక్కజొన్న. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి, 2005 తర్వాతి అలజడుల్లో వలస వచ్చిన కుటుంబాలు. వాళ్ల మాట కోయకు దగ్గరిది, ఆమెకు చాలావరకు తెలుస్తుంది, తెలియని చోట ఒక పదేళ్ల పిల్ల అందుకుంటోంది. బాలింత పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల అమ్మాయి. ఆసుపత్రిలో కాన్పయి నిన్న సాయంత్రమే ఇంటికి వచ్చింది. కార్డు మీద పుట్టిన బరువు 2.3 కిలోలు అని ఉంది.

ఆశా సంచి పక్కన పెట్టి ముందు నీళ్లడిగింది. గాజులు తీసింది. మోచేతుల దాకా కడిగి, చేతులు పైకెత్తి నిలబడింది. వాకిట్లో అవ్వ ఆమెను ఎగాదిగా చూసి ఏదో అడిగింది. "చేతులారుతున్నాయి అవ్వా, అంతే," అంది ఆశా. అందరూ ఆగారు. మీరూ ఆగండి, ఆరేదాకా.

ముందు తల్లిని అడిగింది, బిడ్డను తర్వాత. అన్నం తిన్నావా, రక్తంతో ఎన్ని గుడ్డలు తడుస్తున్నాయి, కళ్లు తిరుగుతున్నాయా, జ్వరంగా ఉందా. తర్వాత బిడ్డ. పల్చటి పాత చీరముక్క ఒకే మడతలో కప్పి ఉంది. ముసురుగాలి తడికల సందుల్లోంచి వస్తోంది. బీప్ వచ్చింది. ఆమె అంకె చూసి గట్టిగా చదివింది. "తొంభై ఆరు పాయింటు ఆరు." ఈసారి తడుముకోలేదు. చలి.

ఇప్పుడు ఆమె చేతుల వేగం చూడండి. బిడ్డ ఒంటి మీది తడి గుడ్డ తీసేసింది. తల్లి రవిక విప్పించి, బిడ్డను నిలువుగా రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టింది. సంచిలోంచి టోపీ తీసి తొడిగింది. ఇద్దర్నీ కలిపి కంబళి చుట్టింది. తలుపు తడిక దగ్గరికి లాగించింది. అవ్వ పొగకుంపటి దగ్గరికి జరపబోతే వద్దంది, పొగ బిడ్డ ఊపిరికి పడదంది. "అమ్మ ఒళ్లే దీనికి కుంపటి, అవ్వా." తర్వాత రొమ్ము పట్టించడం. బిడ్డ నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, చనుమొన ఒక్కటే కాకుండా దాని చుట్టూ నల్లటి భాగమంతా నోట్లోకి వెళ్లేలా చూపించింది. మొదటిసారి జారిపోయింది. రెండోసారి కుదిరింది. బిడ్డ లాగుతుంటే గుటక చప్పుడు వినమని తల్లి చెవిని కిందికి వంచింది. ఆ అమ్మాయికి మొదటిసారిగా నవ్వొచ్చింది.

గుటకలు ఆగి, బిడ్డ రొమ్ము వదిలి మాగన్నుగా పడుకున్నాక శ్వాస లెక్కపెట్టింది. నిమిషమంతా, పెదవులు కదుపుతూ. 48. బొడ్డు పొడిగా ఉంది, ఏమీ రాయొద్దని చెప్పింది. అవ్వ చేతిలో పసుపు ముద్ద ఉంది, చిన్నబుచ్చుకుంది. ఆశా ఆమెను తిట్టలేదు. ఆ పసుపు తల్లి కూరలో వేయమంది, బిడ్డకు టోపీ జారకుండా చూసే పని పెట్టుకోమంది. అవ్వ ఒప్పుకుంది. మార్కుల కాగితంలో దీనికి ఏ గడీ లేదు.

అరగంట తర్వాత మళ్లీ థర్మామీటరు. 97.3. అప్పుడు త్రాసు తీసింది. జోలె కట్టి, మర తిప్పి, సున్నా చూసుకుని, బిడ్డను ఎత్తింది. ఆమె పొట్టి మనిషి. చేయి ఎంత ఎత్తినా ముల్లు సరిగ్గా కంటి ఎదుటికి రాలేదు. చుట్టూ చూసి, రోలు పక్కనున్న పీట మీదికి ఎక్కింది. చేతులు నిలకడయ్యేదాకా ఆగింది. "రెండు పాయింటు రెండు."

అమ్మాయి మొహం వాడిపోయింది. ఆసుపత్రిలో రెండు పాయింటు మూడు అన్నారు కదా, తగ్గిపోయిందా అని. మొదటి కొద్దిరోజుల్లో బిడ్డ కాస్త తగ్గడం మామూలేనని, పాలు పడ్డాక మళ్లీ పుంజుకుంటుందని, కానీ ఇది చిన్న బిడ్డ కాబట్టి పగలూ రాత్రీ రెండు గంటలకోసారి తాగించాలని, నిద్రపోతుంటే అరికాలు గీరి లేపాలని, చల్లబడినా తాగడం మానినా తెల్లారేదాకా ఆగకుండా ఫోను చేయాలని ఆశా ఒక్కో మాటా చెప్పి, ఆమె చేత మళ్లీ చెప్పించుకుంది. ఏడోరోజు కంటే ముందే, ఎల్లుండి ఇంకోసారి వస్తానంది. ఆ రాకకు ఫారంలో గడి లేదు.

పీట మీదే కూర్చుని ఫారం నింపింది. ఉష్ణోగ్రత మొదట ఎంత, తర్వాత ఎంత. బరువు. శ్వాస. పాలు తాగుతోందా, అవును. దశాంశ బిందువు పెట్టేచోట పెన్ను కాస్త గట్టిగా నొక్కింది. తల్లి సంతకం దగ్గర వేలిముద్ర.

వాగు దగ్గరికి తిరిగొస్తుంటే ఆమె మీ వైపు తిరిగి, నిన్న మధ్యాహ్నం నుంచి మనసులో పెట్టుకున్నది అడిగింది. "ఓపెన్ టెన్త్ రాయడానికి వయసు అడ్డమా?" తెలంగాణ ఓపెన్ స్కూల్లో పదికి పద్నాలుగేళ్లు నిండి ఉంటే చాలు, పైన హద్దు లేదు. ఆ మాట చెప్పగానే లెక్కల పేపరు గురించి, తర్వాత ఇంటర్ గురించి, తర్వాత ముప్పై ఐదు గురించి అడిగింది. తనకు నలభై దాటింది. ఆ ముప్పై ఐదు దగ్గర మీరేమీ చెప్పలేకపోయారు. "సరే, పది అయితే రాస్తా," అంది తనే. "రేపు నా తర్వాత వచ్చే ఆశాకు నేర్పేదాన్నైనా అవుతా కదా."

నీళ్లలో దిగబోతుండగా ఫోను మోగింది. పక్క గుంపు నుంచి ఒక చూలాలి మొగుడు. ఆమె సంచి భుజానికి మార్చుకుని, గట్టున నిలబడే అడుగుతోంది. నొప్పులు ఎంతసేపటికోసారి వస్తున్నాయి, ఉమ్మనీరు పోయిందా, కార్డు చేతిలో ఉందా. "108కి నేను చేస్తా. నువ్వు ఆమెను రోడ్డు మీదికి తీసుకురా తమ్ముడూ, ఇప్పుడే బయల్దేరు. నీళ్లు ఇంకా మోకాలి లోతే ఉన్నాయి."